బ్లాగు నాదే, నమ్మండి

నవ్వనని మాటిస్తేనే చెబుతాను.

మా ఆఫీసులో సర్క్యులర్లు రాసేది నేనే. ఇంటికొచ్చి కథలు కూడా రాసేవాణ్ణి. పత్రికలకు పోస్టులో ఎంత వేగంగా వెళ్లేవో అంత వేగంగా తిరిగొచ్చేవి. అది చూడలేక పక్క సీటాయన, ఉచితసలహా అని మేం పిలిచే పెద్దమనిషి, ఓ దారి చెప్పాడు.

"బ్లాగు పెట్టవోయ్! రోజూ రాస్తే చెయ్యి తిరుగుతుంది. బాగుందో లేదో చదివినవాళ్లు ఆ పూటే చెప్తారు. ఆర్నెల్లలో మీ ఇంట్లో ఓ రచయిత తయారు!"

పెట్టాను. మా ఆవిడ సాయంత్రం నడకకు వెళ్లగానే ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని, ఆవిడ మీదే రాసేవాణ్ణి. బ్లాగులో ఆవిడ పేరు సైరన్. ఇది బయటపడితే నా గతేమిటో ఊహించుకోండి. ఆవిడ టీచరు. పెళ్లికి ముందు నేను రాసిన ప్రేమలేఖను ఎర్రసిరాతో దిద్ది, పదికి నాలుగు వేసి పంపిన మనిషి.

మొదటి నెల చదివినవాళ్లు ఇద్దరు, ఉచితసలహాతో కలిపి. రెండోవారెవరో నాకు తెలీదు. రెండో నెల నుంచి వందలు! 'చివరి వాక్యానికి పొట్ట చెక్కలైంది' అని కామెంట్లు. ఏ వాక్యమో నాకు గుర్తు రాలేదు. రాసింది మళ్లీ చదివే అలవాటు నాకు లేదు. సర్క్యులర్ రాసినవాడు సర్క్యులర్ చదువుతాడా?

ఓ మంగళవారం ఒక ప్రచురణకర్త కామెంటు పెట్టాడు: 'మీ ఉత్తరం అందింది. శనివారం పదకొండింటికి మీ ఇంటికొస్తాను. పుస్తకం వేద్దాం.'

నేను ఏ ఉత్తరమూ రాయలేదు. అయినా కీర్తికి అడ్రసు చెప్పాలా అనుకున్నాను. ఇరవయ్యేళ్ల కల! అడ్డు ఒక్కటే, సైరన్.

"శనివారం మీ చెల్లెలింటికి వెళ్లి రారాదూ? నిన్ను చూసి ఎన్నాళ్లయిందో పాపం."

"నిన్ననే వచ్చి వెళ్లింది. తలుపు తీసింది మీరే."

"పోనీ, సినిమాకి?"

"మీరూ వస్తారా?"

"నాకు తలనొప్పి."

"శనివారం వచ్చే తలనొప్పి మంగళవారమే తెలిసిందా?"

శనివారం పదిన్నరకు ఆవిడ హాల్లో ఉతికిన కర్టెన్లు తగిలిస్తోంది. బెల్ మోగకూడదని దాని వైరు పీకేసి, ఆయన్ని మెట్ల దగ్గరే పట్టుకుందామని బయటికొచ్చాను. వెనక తలుపు దానంతటదే పడిపోయింది. తాళంచెవి లోపల, బనీనుతో నేను బయట. బెల్ నొక్కాను. మోగదని నొక్కాక గుర్తొచ్చింది.

మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషి నా చేతిలో వైరు చూశాడు.

"బెల్ బాగుచేస్తున్నావా బాబూ? రచయిత్రిగారు ఉన్నారా?"

మా మాటలకు తలుపు తెరుచుకుంది.

"రండి సార్," అంది మా ఆవిడ. "ఈయనే సైరన్ భర్త."

"వైరు చూడగానే అనుకోవాల్సింది!" అన్నాడాయన.

జరిగిందిదీ. ఇంటి కంప్యూటర్లో ఎప్పుడూ తెరిచి ఉండేది ఆవిడ అకౌంటు. చూసుకోకుండా నేను బ్లాగు పెట్టింది అందులోనే. మొదటి కామెంటే ఆవిడ ఫోన్లో మోగింది. అంతా చదివింది. తప్పు కనపడితే ఊరుకోదుగా, రెండో నెల నుంచి దిద్దడం మొదలెట్టింది. ప్రచురణకర్తకు ఉత్తరం రాసిందీ ఆవిడే.

నా బ్లాగు మొదటిసారి చదివాను. 'పై విషయమై సైరన్ మోగినది' లాంటి నా వాక్యాలు ఒక్కటీ లేవు. నేను భర్తను గెలిపించి ముగించిన చోటల్లా వాడు నీళ్లు నములుతున్నాడు. కడుపు మండింది. అంతలో నవ్వొచ్చింది. దాంతో ఇంకా మండింది.

"మరి నా పేరు?" అన్నాను.

"అంకితం మీకే," అంది. "ముడిసరుకు మీదే కదండీ."

ఉచితసలహాతో మొర పెట్టుకుంటే, "ఇంట్లో ఓ రచయిత అన్నానుగానీ, నువ్వని అన్నానా?" అన్నాడు.

పుస్తకానికి ఇంకో కథ తగ్గిందట. నిన్న సాయంత్రం మా ఆవిడ నడక మానేసి, కంప్యూటరు ముందు కూర్చుని వేళ్లు విరుచుకుంది.

"ఏమండీ, కాస్త ఆ బెల్ వైరు బిగిస్తారా? నేనిక్కడే ఉంటాను."