నిర్మలాదేవి ఎత్తు బెల్లం

గురువారం పొద్దున నిర్మలాదేవి పెట్టుకున్న పని ఒక్కటే, గారెలు వేసుకుని కడుపునిండా తినడం. ఎడమ రొమ్ములో ఉన్నది క్యాన్సరేనని ఖమ్మం డాక్టరు తేల్చి చెప్పి నాలుగు రోజులైంది. ఆపరేషన్ సోమవారం. ఆ తర్వాత ఏం తిననిస్తారో ఏమోనని ఆమె ఇప్పటికే బొబ్బట్లు, పూర్ణాలు, రెండు పూటల కోడి పులుసు కానిచ్చేసింది.

"ఏందే గిట్ల తింటున్నవ్?" అని మొగుడు వెంకటప్పయ్య కళ్లొత్తుకున్నాడు.

"దానికీ నాకూ పోటీ. అది నన్ను తినేలోపు నేను ఇవన్నీ తింట."

ఆమె పెట్టిన షరతు కూడా ఒక్కటే. సోమవారం దాకా దమ్మపేటలో పిట్టకు కూడా తెలియకూడదు. కిందటేడు ఎదురింటి కళ్యాణికి ఆపరేషన్ అయితే, ఊరంతా బత్తాయిలు పట్టుకుని పలకరింపుకొచ్చి ఏడ్చింది. కుట్లతో ఉన్న కళ్యాణే లేచి అందరినీ ఓదార్చి టీ పెట్టింది. నిర్మలాదేవికి టీ పెట్టడం కష్టం కాదు. ఎవరైనా ఏడిస్తే తనకూ ఏడుపొస్తుంది, మొదలైతే ఇక ఆగదు. అదీ ఆమె భయం.

వెంకటప్పయ్య నోరు విప్పలేదు గానీ ఊరుకోనూ లేదు. అడవిలో కొలువైన సమ్మక్క తల్లికి భార్య ఎత్తు బెల్లం మొక్కుకున్నాడు. ఎవరైనా పని అయ్యాక మొక్కు తీరుస్తారు. ఈయన బస్సుకు గంట ముందు వెళ్లి నిలబడే రకం, ముందే తీర్చేద్దామనుకున్నాడు. భార్య బరువెంతో అడిగే ధైర్యం ఇరవై ఆరేళ్ల కాపురంలో ఏనాడూ లేదు గనక, దొంగచాటుగా ఆస్పత్రి ఫైలు చూశాడు. డెబ్బై రెండు కిలోలు.

"డెబ్బై రెండు కిలోల బెల్లమా! పెండ్లా అన్నా?" అన్నాడు కిరాణా కొట్టు మంగీలాల్.

"కాదు."

"మొక్కా?"

అవునంటే ఎవరి కోసమని అడుగుతాడు. "అబ్బే, ఊరికే. చాయ్‌లకి."

మంగీలాల్ చేతిలో పెన్ను ఆగింది. గుడుంబా సారా కాస్తారేమోనన్న అనుమానంతో, అంత బెల్లం కొనేవాళ్ల దగ్గర ఆధార్ జిరాక్స్ తీసుకోవడం కొట్టు వాళ్లకు అలవాటు. వెంకటప్పయ్య జిరాక్స్ ఇచ్చి, గుమ్మం దాటబోతూ ఆగి, "పటిక కూడా మూడు కిలోలు ఇయ్యి" అన్నాడు. గుమ్మానికి, గొడ్ల కొట్టానికి, పామాయిల్ తోటలో మోటారుకు, ఖమ్మం పోయే కారుకు తలా ఒక గడ్డ దిష్టికి కట్టాలని ఆయన ఆలోచన. బెల్లం, పటిక రెండూ సారా బట్టీ సరుకే, అవి ఒకచోట చేరితే జనం ఏమనుకుంటారో దమ్మపేటలో ఆయనొక్కడికే తట్టలేదు.

రెండో వాయి గారెలు వేగేసరికి ఎక్సైజ్ జీపు వాకిట్లో ఆగింది, దాని వెనకే ఊరు ఆగింది. ఎస్సై శ్రావణి ఇల్లంతా వెతికించింది. కానిస్టేబుల్ వంటింట్లో గిన్నె మూత తీసి వాసన చూసి, "మేడం, పులిసింది!" అని అరిచాడు. అది దోసెల పిండి. కానీ గొడ్ల కొట్టంలో గడ్డి కింద దాచిన బెల్లం బస్తాలు దోసెల పిండి కావు.

"ఏందయ్యా ఇది? ఈ వయసుల గుడుంబా పెడుతున్నవా?" అంది నిర్మలాదేవి.

"ఎవరికి పంపుతున్నవ్ పెద్దాయనా?" అంది ఎస్సై.

"ఒకామెకి."

"ఎక్కడుంటది?"

"అడవిల. ఇంకేం అడగొద్దు తల్లీ, మా ఇంటామెకి మాటిచ్చిన."

గోడ మీంచి చూస్తున్న కళ్యాణి గుండె బాదుకుంది. "అయ్యో అక్కా, అడవిల ఇంకో సంసారం పెట్టిండే!"

ఎస్సై జీపెక్కమంది. వెంకటప్పయ్య మెట్టు మీద కాలు పెట్టాడు. జైలుకైనా పోయేలా ఉన్నాడు గానీ మాట తప్పేలా లేడు. అప్పుడు నిర్మలాదేవి కళ్లు బస్తా మీది చీటీ మీద పడ్డాయి. డెబ్బై రెండు. ఆ అంకె ఆమె ఆస్పత్రిలో చూసింది. ఒక్కసారిగా ఈ పిచ్చి మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"ఆయన్ని దించు బిడ్డా. అది నా ఎత్తు బెల్లం, సమ్మక్కకు మొక్కిండు. నాకు రొమ్ము క్యాన్సర్. సోమవారం ఆపరేషన్."

కళ్యాణి పెదవి వణికింది.

"కళ్యాణీ, ఏడిస్తే గారెలు పెట్ట."

ఎస్సై టోపీ తీసింది. "నేను నమ్ముతున్నమ్మా. మా పై సారు నమ్మాలె కదా, రిపోర్టుల ఏం రాయాలె?"

"అయితే తూచుకో."

పత్తి తూచే కాటా తెచ్చారు. ఇరవై ఆరేళ్లు మొగుడికి చెప్పని సంగతి చెప్పడానికి నిర్మలాదేవి ఊరందరి ముందు దాని మీద నిలబడింది. "డెబ్బై మూడు!" అని కానిస్టేబుల్ వీధి చివరిదాకా వినబడేలా చదివాడు. "మేడం, బెల్లం కిలో తక్కువున్నది."

అది బొబ్బట్ల కిలో అని వెంకటప్పయ్యకు తట్టలేదు. "మొక్కు తప్పిందే!" అని కాటా పక్కనే కూలబడ్డాడు.

"లే అయ్యా. సోమవారం డాక్టరు ఎట్లాగూ కొంత కోసి తీస్తడు. అప్పటికి సరిపోద్ది."

ముందు నవ్వింది కళ్యాణే, ఏడుస్తూ. దాంతో నిర్మలాదేవికీ నవ్వొచ్చింది, వెంటనే ఇన్నాళ్లూ భయపడ్డ ఏడుపూ వచ్చింది. ఆగదనుకుంది గానీ, కళ్యాణి భుజం తడిసేసరికి అదే ఆగింది. ఆ తర్వాత అందరికీ టీ కళ్యాణే పెట్టింది, గారెలు ఊరే తినేసింది.

ఎస్సై శ్రావణి గారె నములుతూ రిపోర్టు రాసింది: "బెల్లం డెబ్బై రెండు కిలోలు, ఇల్లాలు డెబ్బై మూడు. తేడా సోమవారం సరిచేయబడును."