క్లెమాటిస్‌కు తగిన తోడు

క్లెమాటిస్ అలిగే మొక్క అని ఆ వీధి తోటల సంఘం నమ్మకం. గోడ మీదికి ఎగబాకి అరచేతి వెడల్పున ఊదారంగు పూలు పూసే ఈ తీగ పక్కన మరో తీగను నాటితే, వచ్చింది నచ్చినప్పుడు పూస్తుందట, నచ్చనప్పుడు మూతి ముడుచుకుని కూర్చుంటుందట. ఈ నమ్మకానికి ఆధారం సంఘం అధ్యక్షురాలి ముప్పై ఏళ్ళ అనుభవం. ఆ అధ్యక్షురాలు రుజువుగారికి స్వయానా వదిన, అంటే ఆయన భార్యకు అక్క.

రుజువుగారు అన్నది వీధి పెట్టిన పేరు. మందుల పరీక్షాశాలలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఆయన ఎవరు ఏం చెప్పినా ముందు "రుజువేదీ?" అంటారు. పక్కవీధి పెళ్ళిలో, పెళ్ళికొడుకు అమ్మాయిని బాగా చూసుకుంటాడని ఎవరో అంటే అక్కడా అదే మాట అన్నారని ప్రతీతి.

ఆ ఆదివారం ఉదయం రుజువుగారి ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పని చాలా చిన్నది. క్లెమాటిస్ పక్కన ఏ తీగను నాటాలో కాఫీ చల్లారేలోగా తేల్చుకోవాలి.

గేటు పక్కన పడమటి గోడ వెంట మూడడుగుల వెడల్పున కొంచెం మట్టి నేల ఉంది. మూడేళ్ళ కిందట ఆయన భార్య నర్సరీ నుంచి ఎండుపుల్లలాంటి క్లెమాటిస్ మొక్కను తెచ్చి అక్కడ నాటింది. అది ఇంతవరకు ఒక్క పువ్వు పూయలేదు. మరోవైపు కోడలి స్కూటరు నిలిపే చోటు లేక వీధిలో వానకు తడుస్తోంది. ఈ ఏడు వానలు మొదలయ్యేలోగా పువ్వు పూయకపోతే ఆ నేలకు సిమెంటు చేయించి స్కూటరుకు ఇవ్వాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది. తాపీమేస్త్రికి తేదీ కూడా చెప్పారు. ఆ ప్రతిపాదన తెచ్చింది భార్యే. తెచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడనిదీ ఆవిడే.

మొక్క వాలకం విచిత్రంగా ఉంది. ఛాతీ ఎత్తు వరకు ఎండిన కాడలు, ఆ పైన గోడ అంచున గుబురుగా పచ్చటి ఆకులు. క్లెమాటిస్‌కు తల ఎండలో, కాళ్ళు నీడలో ఉండాలని పుస్తకంలో రాసి ఉంది. కాబట్టి కాళ్ళకు నీడనిచ్చే తోడు తీగ ఒకటి కావాలన్నంత వరకు అందరూ ఏకమయ్యారు.

"శంఖుపుష్పం వేద్దామండీ. అణకువగా పెరుగుతుంది," అంది భార్య.

"శంఖుపుష్పానికి అణకువేమిటే? మా వెనకింటావిడ కిటికీని మొత్తం కప్పేసింది. స్వీట్ పీ వెయ్యి. క్లెమాటిస్‌కు స్వీట్ పీ అంటే ప్రాణం," అంది వదిన.

"ప్రాణమని మీతో చెప్పిందా వదినగారూ?"

"చెప్పనక్కర్లేదు మరిదిగారూ. కాస్త మనసున్నవాళ్ళకు తెలుస్తుంది."

"కాశీరత్నం అయితే ఆకు సన్నగా ఉంటుంది, ఎవరికీ అడ్డు రాదు మామయ్యగారూ," అంది కోడలు.

"నీకెందుకమ్మా, పూయకపోతే లాభం నీకే కదా," అంది వదిన.

"స్కూటరు తడిస్తే తుడుచుకోవచ్చు పెద్దత్తయ్యా. అత్తయ్య మొహం అలా ఉంటే ఏం చెయ్యగలం?"

అభిప్రాయాలు మూడు, ఆధారాలు సున్నా అని రుజువుగారు కాగితం మీద రాసుకున్నారు. తర్వాత బ్లైండ్ టెస్ట్ ప్రకటించారు. అంటే పరీక్షించేవారి కళ్ళకు గంతలు కట్టినట్టు చేసే పరీక్ష. ఆరు కుండీలు, కుండీకి ఒక గింజ, రకానికి రెండు కుండీలు. ప్రతి కుండీలోనూ ఒక కర్ర పాతుతారు, అది క్లెమాటిస్‌కు బదులు. కర్రను ఉక్కిరిబిక్కిరి చేయకుండా మర్యాదగా ఎక్కిన తీగ గెలిచినట్టు. ఏ కుండీలో ఏ గింజ ఉందో నాటే మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆ బాధ్యత కోడలికి అప్పగించారు. ఆమె గింజలు నాటి, వివరాలు కవరులో పెట్టి, జిగురుతో అంటించి మామగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరూ కుండీల జోలికి పోకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నారు. కొడుకు రాత్రి డ్యూటీ చేసి పగలంతా నిద్రపోతున్నందువల్ల అతని దగ్గర మాట తీసుకోలేదు. మాట తప్పనిది కూడా అతనొక్కడే.

పన్నెండో రోజున ఆరు కుండీల్లో ముప్పై ఒక్క మొలకలు వచ్చాయి.

రుజువుగారు మూడుసార్లు లెక్కపెట్టారు. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి లెక్కపెట్టారు. ఆరు గింజలకు ముప్పై ఒక్క మొలకలంటే మొలక శాతం ఐదు వందల పదహారు పైచిలుకు. పరీక్షాశాలలో ఇలాంటి ఫలితం వస్తే వెతకాల్సింది కల్తీ. గింజ ఒకటి అయిదవదు. ఇంట్లోవాళ్ళు మాటిచ్చారు కనుక వాళ్ళ మీద అనుమానానికి తావు లేదు. ఇక మిగిలింది కుండీల్లో నింపిన మట్టి. అది నర్సరీ నుంచి వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన నర్సరీ యజమానికి రెండు పేజీల ఫిర్యాదు రాసి, ఒక పట్టికను జతచేసి పంపించారు. మట్టిలో అన్యవిత్తనాలు భారీగా కలిసి ఉన్నాయని, తోటల సంఘం సభ్యులందరికీ ఈ విషయం తెలియజేయడం తన బాధ్యత అని అందులో స్పష్టం చేశారు.

నర్సరీ యజమాని మర్నాడు ఉదయం ఎనిమిదింటికే గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో ఫిర్యాదు, రెండో చేతిలో భూతద్దం ఉన్నాయి.

"నా మట్టిని ఆవిరి పట్టి గానీ బస్తాకెత్తనండీ. ఇరవై ఏళ్ళలో ఒక్క గడ్డిపరక మొలవలేదు. సంఘం వాళ్ళు మానేస్తే నేను షాపుకు తాళం పెట్టుకోవాలి. చూపించండి ఆ కుండీలు."

చూపించారు. అప్పటికే కబురందుకున్న వదిన కూడా వచ్చింది. నర్సరీ యజమాని నేల మీద చతికిలబడి ఒక్కొక్క మొలకనూ పరీక్షించాడు. రెండుగా చీలిన ఆకులున్నవి కాశీరత్నం, సన్నటి కాడవి స్వీట్ పీ, మిగిలినవి శంఖుపుష్పం. ఆరో కుండీ అయ్యాక తల పైకెత్తాడు.

"అన్ని కుండీల్లోనూ ఇవే మూడు రకాలండీ. నాలుగోది లేదు. మట్టిలో కలిసొచ్చే కలుపు ఇంత పద్ధతిగా రాదు. ఇది మనుషుల పని."

భార్య కుళాయి వైపు చూసింది. వదిన సంచీలో ఏదో వెతుక్కుంది.

"నేనే వేశాను మామయ్యగారూ," అంది కోడలు. "నాలుగో రోజున చూస్తే అన్ని కుండీలూ కెలికినట్టున్నాయి. ఉడుత గింజలు తవ్వుకుపోయిందనుకున్నాను. మళ్ళీ వేద్దామంటే దేన్లో ఏది వేశానో గుర్తు లేదు. కవరు తెరవకూడదన్నారు. అందుకని అన్నిట్లో మూడూ వేశాను."

"ఉడుత ఎక్కడిది మనింట్లో?"

"ఒక ఉడుతను నేనేనండీ," అంది భార్య. "శంఖుపుష్పం ఎక్కడుందో కోడలు ఎంత అడిగినా చెప్పలేదు. ఏ కుండీ గెలిచినా అందులో అది ఉంటుంది కదా అని అన్నిట్లో ఒక్కో గింజ గుచ్చాను."

అందరూ వదిన వైపు తిరిగారు.

"అలా చూస్తారేం? రెండో ఉడుతను నేను. మీ ఇంట్లో స్వీట్ పీ తరఫున మాట్లాడేవాళ్ళెవరున్నారు గనక?"

రుజువుగారు నర్సరీ యజమానికి ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు చెప్పి, క్షమాపణ రాతపూర్వకంగా పంపుతానన్నారు.

"రాత సంగతి తర్వాతండీ. ఇంత హడావిడి దేనికోసం జరిగిందో ఆ క్లెమాటిస్‌ను ఒకసారి చూపించండి. నా షాపులో కొన్న మొక్కే కదా."

అందరూ గోడ దగ్గరికి వెళ్ళారు. నర్సరీ యజమాని పైనున్న ఆకుల్లోంచి ఒకటి తుంచి చూశాడు. బకెట్ బోర్లించి, దాని మీద నిలబడి, గోడ అవతలికి తొంగిచూశాడు. కిందికి దిగాక అతను ఎవరి మొహమూ చూడలేదు.

"అమ్మా, ఇది పాషన్ ఫ్రూట్ పండ్ల తీగ. పక్కింటిది. గోడ దాటి వచ్చి మీ ఎండుకాడల మీద ఎక్కి కూర్చుంది."

"కింద ఆకులు లేవనే కదా మేము..." అంది భార్య.

"దీనికి ఇవతల కింద అంటూ లేదమ్మా. మొదలు అవతల ఉంది."

"మరి నేను మూడేళ్ళుగా ఎరువు వేస్తున్నానే."

"అవతల కాపు బాగుంది," అన్నాడు నర్సరీ యజమాని మెల్లగా.

పరీక్షకు వచ్చిన నమూనా ఏమిటో ముందు నిర్ధారించుకోవాలన్నది పరీక్షాశాలలో మొదటి రోజు చెప్పే పాఠం. పంతొమ్మిదేళ్ళ పాటు కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పింది రుజువుగారే. ఆయన ఆరు కుండీలకు నంబర్లు వేశారు, కవరుకు జిగురు పెట్టించారు, బీరువాకు తాళం వేశారు. మొక్కను మాత్రం చూడలేదు.

"చచ్చిన మొక్క అలిగిందనుకున్నారు వదినగారూ," అన్నారు రుజువుగారు.

"మీరు దానికి పెళ్ళిచూపులు పెట్టారు మరిదిగారూ."

భార్య ఈ మాటలు విననట్టే ఉంది. ఆవిడ వంగి ఒక ఎండుకాడను పట్టుకుంది. అది చేతిలోనే పుటుక్కున విరిగింది.

"మేస్త్రికి ఫోన్ చెయ్యమ్మా," అంది కోడలితో. "వానల దాకా ఎందుకు? రేపే రమ్మను."

కోడలు ఫోన్ తియ్యలేదు. నర్సరీ యజమాని మోకాళ్ళ మీద కూర్చుని, మొక్క మొదలు దగ్గరి మట్టిని వేళ్ళతో పక్కకు జరిపి, కాడను గోటితో గీరాడు. మూడు చోట్ల గోధుమరంగు కనిపించింది. నాలుగోసారి మట్టిలో రెండు వేళ్ళ లోతున గీరితే వెంట్రుకంత పచ్చటి గీత తేలింది.

"పైన చచ్చినా ఒక్కోసారి లోపల బతికుంటుందమ్మా. ఈ ఎండుకాడలన్నీ నేల మట్టానికి కోసెయ్యండి. పక్కింటి తీగను అవతలికి మళ్ళించండి. మొదలు మీద నీడ పడాలి. ఆ మొలకలు తెచ్చి దీని ముందు నాటండి."

"ఏ రకం?" అని ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి అడిగారు.

"నీడకు రకమేమిటమ్మా? అన్నీ నాటండి."

భార్య భర్త వైపు తిరిగింది. "మీరు రుజువేదీ అనకండి. ఇవాళ నేను వినలేను."

"అనను," అన్నారాయన. "గీరిన చోట పచ్చగానే ఉంది. నేనూ చూశాను." ఆ పూట కత్తెర పట్టుకున్నది ఆయనే.

ముప్పై ఒక్క మొలకల్లో రెండు వాడిపోయాయి. మిగిలిన ఇరవై తొమ్మిదీ గోడ మొదట్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. వాటి మధ్య నుంచి పంతొమ్మిదో రోజున ముదురు ఊదారంగులో ఒక కొస తల ఎత్తింది. భార్య ఎవరినీ పిలవలేదు. పీట తెచ్చుకుని మధ్యాహ్నం దాకా దాని ఎదురుగా కూర్చుంది. భోజనానికి పిలవడానికి వచ్చిన రుజువుగారు తానూ ఒక పీట తెచ్చుకున్నారు.

కొస కాడ అయింది, కాడ రెండయింది, శంఖుపుష్పాన్ని పట్టుకుని పైకి ఎక్కింది. నడుం ఎత్తుకు చేరాక మూడు మొగ్గలు వేసింది. అవి విచ్చుకోకముందే మబ్బులు పట్టాయి. చెప్పిన తేదీకి, చెప్పిన వేళకు, తాపీమేస్త్రి తట్ట, పార తీసుకుని వచ్చాడు.

"ఒప్పందంలో పువ్వు అని ఉంది," అంది భార్య. "మొగ్గ అని లేదు. మాటంటే మాటే. కానివ్వు బాబూ."

అందరూ రుజువుగారి వైపు చూశారు. నిర్వచనాల విషయంలో ఆయన జీవితంలో ఎన్నడూ సడలింపు ఇవ్వలేదు.

"మొగ్గ అంటే పువ్వు కాదనడానికి..." అని మొదలుపెట్టి, ఆగి, "నాకు అంత కచ్చితంగా తెలియదు," అన్నారు.

"నా స్కూటరుకు నిన్ననే కవరు కొన్నాను అత్తయ్యా. నాకు ఈ చోటు వద్దు," అంది కోడలు.

"నీ కోసం కాదమ్మా. మాట అన్నాను కదా."

తాపీమేస్త్రి ఎవరి మాటా పట్టించుకోకుండా మొగ్గల ముందు వంగి చూశాడు. తర్వాత వీధిలో పోసిన ఇసుక దగ్గరికి వెళ్ళి, గుప్పెడు తీసి పిసికి, వదిలేశాడు.

"ఇసుక తడిగా ఉందండీ. ఇవాళ పని పట్టడానికి లేదు. రేపు పొద్దున్నే వస్తాను."

ఆ వారమంతా వాన పడలేదు గనక ఇసుక పొడిగానే ఉంది. ఆ సంగతి ఎవరూ అనలేదు. రుజువుగారు కూడా అనలేదు.

మర్నాడు ఉదయం ఏడూ పదికి మొదటి పువ్వు విచ్చుకుంది. రుజువుగారు కాగితం మీద రాసుకున్నారు: ఊదారంగు, ఏడు రేకులు, అడ్డంగా పదకొండు సెంటీమీటర్లు. సాక్షులు: ఇంటివాళ్ళు ముగ్గురు, వదిన, తాపీమేస్త్రి.