ఇరవై ఒక్క కీళ్ల సైనికుడు

బొమ్మ సైనికుడు ఇకమీదట మోకాలు వంచడని రక్షణ స్ఫూర్తి శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. అంతటి ప్రకటన వెలువడిన వేళ నేను ఆయనకు ఆరడుగుల దూరంలో, చేతిలో కుంచెతో నిలబడి ఉండటం నా పూర్వజన్మ సుకృతం.

ప్రభుత్వ బొమ్మల ఫ్యాక్టరీలో నాది రంగుల సెక్షను. కళ్లు, కనుబొమలు, మీసం నేను దిద్దుతాను. మా అక్కది కీళ్ల సెక్షను. ముప్ఫై ఇద్దరు ఆడవాళ్లకి ఆవిడ ఇన్‌ఛార్జి. మా గేటు దగ్గర గాజు బీరువాలో సైనికుడి పరిణామమంతా వరసగా నిలబడి ఉంటుంది. మొట్టమొదటివాడు తగరపు సైనికుడు, పీటతో సహా ఒకటే ముద్ద. రెండోవాడికి భుజాలు కదిలాయి. మూడోవాడికి మెడ తిరిగింది. తర్వాత గుడ్డ యూనిఫారం వచ్చింది, విప్పి తొడిగే బూట్లు వచ్చాయి, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు వచ్చాయి. అలా కిందా మీదా పడి అరవై ఏళ్లకి ఇరవై ఒక్క కీళ్లకు చేరాం. ఆ ఇరవై ఒకటోది తుపాకీ మీట నొక్కే చూపుడువేలు. దాన్ని మా అక్క సొంతంగా తయారుచేసింది. అది కుదిరేలోపు ఆవిడ కళ్లజోడు రెండుసార్లు మారింది.

ఆ సోమవారం కొత్త మోడల్ ఆవిష్కరణ. మా మేనేజరు సరదాపడి సైనికుణ్ణి ఒక మోకాలి మీద కూర్చోబెట్టి, గురి చూస్తున్నట్టు బల్ల మీద పెట్టాడు. గురికి ఎదురుగా మంత్రిగారి మంచినీళ్ల గ్లాసు ఉంది. ఒక విలేకరి లేచి, మన సైనికుడు ఎవరి ముందు మోకరిల్లుతున్నాడని అడిగాడు. ఇంకొకరైతే నీళ్లు నమిలేవారు. మంత్రిగారు గ్లాసు పక్కకి జరిపి, "మోకాలే తీసేయిస్తున్నాం" అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. మోకాళ్ల బల్ల దగ్గర పనిచేసే ఎనిమిదిమందితోనూ, ఇంటి దగ్గర ఉండండి, కబురు చేస్తాం అన్నారు. మిగిలిపోయిన మోకాళ్లని అక్క ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పోసి మూత బిగించింది.

వారం తిరక్కుండా సమీక్షా సమావేశం జరిగింది. మంత్రిగారి పి.ఎ. మహా మేధావి. మంత్రిగారి ఆలోచన మంత్రిగారి కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయన సైనికుడి చేతులు రెండూ పైకెత్తి చూపించి, దీన్ని లొంగిపోవడం అంటారని గుర్తుచేశాడు. భుజాలు పోయాయి. తల వెనక్కి తిప్పి, పారిపోయే ఉద్దేశం ఉన్నవాడే ఇలా చూస్తాడన్నాడు. మెడ పోయింది. నడుము వంగితే ఎవరికి దండం పెడుతున్నాడనే ప్రశ్న వస్తుంది కాబట్టి నడుమూ పోయింది. చివరికి అక్క చూపుడువేలు దగ్గరికి వచ్చారు. పైనుంచి ఆర్డరు లేకుండా వేలు కదలడమేమిటని మంత్రిగారు నొచ్చుకున్నారు.

అక్క ఉండబట్టలేక లేచింది.

"సార్, మరి వీడు జీపులో ఎలా కూర్చుంటాడు?"

"మన సైనికుడు కూర్చోడమ్మా."

"అలిసిపోతే?"

"అలిసిపోడు."

"మరి పిల్లలు వీడితో ఏం ఆడుకోవాలండీ?"

మంత్రిగారు క్షణం ఆలోచించి, "గౌరవించాలి" అన్నారు. పి.ఎ. వెంటనే రాసుకున్నాడు. ఇప్పుడు ప్రతి అట్టపెట్టె మీదా ఆ మాట ఎర్ర అక్షరాలతో ఉంటుంది.

జీపుకి పైకప్పు కోసేశాం. సైనికుడు అందులో కొయ్యలా నిలబడి వెళ్లాడు. ఒక దుకాణం అద్దాల వెనక బోర్లా పడిపోయి కనిపించాడని ఫిర్యాదు రాగానే, ఇక ఎన్నటికీ పడకుండా కాళ్ల కింద పీట అతికించమన్నారు. విడి భాగాలెందుకని అంతా ఒకే అచ్చులో పోయమన్నారు. అరవై ఏళ్ల పనిని మంత్రిగారు మూడు నెలల్లో చక్కబెట్టారు.

దానికి 'నవతరం సైనికుడు' అని పేరు పెట్టి ఘనంగా విడుదల చేశారు. మంత్రిగారు బొమ్మని పైకెత్తి, పాతకాలపు నాసిరకం సరుక్కీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చూడండన్నారు. పొరపాటున ఆయన ఎత్తిన బొమ్మ, పోలిక కోసం పక్కన పెట్టిన బీరువాలోని తగరపు సైనికుడు. అడుగున అచ్చు నంబరు కనబడింది కాబట్టి నాకు తెలిసింది, లేకపోతే నేనూ పోల్చుకోలేను. చప్పట్లు కొట్టాను.

ఇంటికి వెళ్లాక అక్క నాకు అన్నం వడ్డించింది. నెలాఖరుకి కీళ్ల సెక్షన్‌కి తాళం వేస్తామని మేనేజరు కాగితం ఇచ్చాడు. తన సంగతి ఎలా ఉన్నా ముప్ఫై రెండు ఇళ్ల తిండి తన చేతిమీదుగా పోతోందని ఆవిడ బాధ. ఆవిడకి ఏడుపు రాదు, కోపం వస్తుంది.

"నువ్వూ చప్పట్లు కొట్టావా?"

"అందరూ కొట్టారక్కా."

"నీ కీళ్లు మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయిరా" అని పళ్లెం నా ముందుకి తోసింది.

తాళం పడటానికి నాలుగు రోజుల ముందు పి.ఎ. మా ఫ్యాక్టరీకి వెనక గేటు నుంచి వచ్చాడు. సరాసరి కీళ్ల సెక్షన్‌కి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. పార్టీ అధ్యక్షులవారి పుట్టినరోజుకి మంత్రిగారు అచ్చం తన రూపంలోనే ఒక బొమ్మ చేయించి కానుకగా ఇవ్వదలిచారట. కాగితం తీసి, గొంతు తగ్గించి చదివాడు. మోకాళ్ల మీద కూర్చోవాలి. రెండు చేతులూ పైకెత్తాలి, దగ్గరికి చేర్చి జోడించాలి. అధ్యక్షులవారు ఏ పక్కన కూర్చుంటే ఆ పక్కకి తల తిరగాలి. నడుము ముందుకి ఎంత వంగితే అంత మంచిది.

అక్క వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇరవై రెండు కీళ్లవుతాయండీ. నడుముకి ఒక్కటి చాలదు, రెండు పెట్టాలి."

"మూడైనా పెట్టండి" అన్నాడు పి.ఎ.

అక్క బిస్కెట్ల డబ్బా మూత తీసింది. సైనికుడి మోకాళ్లు మంత్రిగారికి అతికినట్టు సరిపోయాయి. ముఖం నేను దిద్దాను. చిరునవ్వు కాస్త వెడల్పుగా ఉండాలని ప్రత్యేకంగా చెప్పి పంపారు.

మూడో రోజు మంత్రిగారు స్వయంగా చూడటానికి వచ్చారు. బొమ్మని కూర్చోబెట్టారు, చేతులు జోడింపజేశారు, మెడ అటూ ఇటూ తిప్పి ముచ్చటపడ్డారు. వంచబోతే మాత్రం నడుము సగంలో ఆగిపోయింది. నుదురు నేలకి ఇంకా రెండంగుళాలు ఎడం ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"లోపల నడుం నుంచి మెడదాకా ఉక్కు కమ్మి ఉంటుంది సార్, అది అడ్డుపడుతోంది" అంది అక్క. "తీసేస్తే పూర్తిగా వంగుతుంది. కాకపోతే ఇక నిలబడదు."

మంత్రిగారు అక్క వైపు జాలిగా చూశారు.

"నిలబడే పని ఏముంటుందమ్మా?"

అక్క పట్టకారు తీసుకుని కమ్మి లాగేసి బల్ల మీద పెట్టింది. మంత్రిగారు బొమ్మని మూడుసార్లు వంచి చూసుకుని, సంతోషంగా వెళ్లారు.

పుట్టినరోజు అయిన మర్నాటికే మిగతా మంత్రులందరి ఆర్డర్లూ వచ్చేశాయి. ముప్ఫై ఇద్దరికీ కబురు వెళ్లింది. కీళ్ల సెక్షన్‌లో ఇప్పుడు పట్టుమని పది నిమిషాలు తీరిక లేదు. మంత్రిగారి నమూనా బొమ్మని గాజు బీరువాలో చివరి స్థానంలో పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఎన్నిసార్లు నిలబెట్టినా కూలబడుతుంటే, మేనేజరు విసుగెత్తి దాన్ని పక్కనున్న సైనికుడికి ఆనించి తలుపు వేశాడు.