మిగిలిపోయిన కాళ్ళు

ఆ రోజు పొద్దున్న సీసాలాయన పెట్టుకున్న పని చిన్నదే. కాలేజీలో పురుగుల గది, అందులోని సీసాలు ఆయన చేతి కింద ఉన్నాయి, అందుకే ఆ పేరు. సూదులకు గుచ్చిన ముప్పై ఆరు పురుగులు, అద్దాల పెట్టెల్లో. వాటి పేర్ల చీటీలు మాసిపోయాయి. తీసి, తడిగుడ్డతో అద్ది, ఆరబెట్టి, మధ్యాహ్నం తనిఖీకి యూనివర్సిటీ నుంచి పెద్దాయన వచ్చేలోగా ఎక్కడివక్కడ పెట్టేస్తే సరి.

చీటీల్లో ఒక్క తప్పు దొరికినా గది ఖాళీ చేయించి జిరాక్సు మిషను పెట్టిస్తానని ప్రిన్సిపాల్ ముందే చెప్పి ఉన్నాడు. అప్పుడు సీసాలాయనకు మిగిలేది గేటు కాపలా. గదిలో కుర్చీ ఉంది, గేటు దగ్గర లేదు. ఆయన మోకాళ్ళు ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీకి అలవాటు పడ్డాయి.

చీటీలు త్వరగా ఆరాలని ఫ్యాను గిర్రున వేశాడు. పెట్టెల మూతలు తీసి ఉన్న సంగతి మరిచాడు. చీటీలు పిచ్చుకల్లా లేచాయి. ఒకటి కిటికీలోంచి వెళ్ళిపోయింది కూడా. వాటి వెనకే ఎండిన కాళ్ళు, రెక్కలు, మీసాలు లేచాయి. ఫ్యాను కట్టేసరికి చీటీలన్నీ ఒక మూల, కాళ్ళన్నీ ఒక మూల పోగుపడి ఉన్నాయి.

చీటీల మీద ఉన్నవి నోరు తిరగని శాస్త్రం పేర్లు. ఏది ఎవరిదో తేల్చేది బీరువాలోని గుర్తింపు పుస్తకం ఒక్కటే. అందులో అన్నీ ప్రశ్నలే. రెక్కలున్నాయా? ఉంటే రెండో ప్రశ్నకు పో, లేకుంటే పద్నాలుగుకు పో. అలా చీలిన దారులన్నీ తిప్పి తిప్పి చివరికి ఒక పేరు దగ్గర దింపుతుంది.

ముందు మిడతను పట్టాడు. వెనక కాళ్ళు పొడుగా అని పుస్తకం అడిగింది. మిడతకు వెనక కాళ్ళు లేవు, మూలలో ఉన్నాయి. సీసాలాయన అబద్ధమాడే మనిషి కాదు. లేవన్న దారినే పోయాడు. మిడత వెళ్ళి చెదపురుగుల్లో పడింది. రెక్కలూడిన తూనీగ చీమల్లో కలిసింది. గంట గడిచేసరికి పదకొండు పురుగులకు ఒకే పేరు వచ్చింది.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్యకు ఆయన నేల మీద మోచేతులతో పాకుతూ కనిపించాడు.

"ఏమిటండీ ఆ పాకడం? మీకూ ఒక చీటీ రాసిపెట్టాలా?"

ఆయన జరిగింది చెప్పాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. ఊడినదాన్ని చూసి కంగారు పడటం ఆవిడకు తెలియదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరు ముందు నుంచి చదువుతున్నారు కాబట్టి తేలడం లేదు. చీటీ చూసుకుని వెనక నుంచి చదవండి. ఏ పేరుకు ఏమేం ఉండాలో చెప్పండి, నేను అతికిస్తాను. కొలతలిచ్చాక కుట్టడం ఎంతసేపు?"

ఆయన చదివాడు, ఆవిడ జిగురు పెట్టింది. పొడుగు మీసాలన్నచోట పొడుగు మీసాలు, నాలుగు రెక్కలన్నచోట నాలుగు రెక్కలు. ఎవరి కాళ్ళు ఎవరికి పడ్డాయో ఎవరూ అడగలేదు. రెండు గంటలకు ముప్పై అయిదు పురుగులు, ముప్పై అయిదు చీటీలు సరిపోయాయి. చీటీ దక్కని ఒక బోడి పెంకు పురుగు, గుప్పెడు ముక్కలు మిగిలాయి. ముక్కలు పారేయడం ఆవిడ ఇంటా వంటా లేదు. మిడత కాళ్ళు, తూనీగ రెక్కలు, బొద్దింక మీసాలు అన్నీ దానికే తగిలించింది. సీసాలాయన దాన్ని చూసి భయపడి పెట్టెల వెనక దాచాడు.

పెద్దాయన రానే వచ్చాడు. గుర్తింపు పుస్తకం రాసింది ఆయనే. ప్రశ్న చదవడం, పురుగు వైపు ఒక చూపు, టిక్కు. పురుగుల కంటే పుస్తకాన్నే ముద్దుగా చూసుకున్నాడు. ముప్పై అయిదూ సరిపోయాయి. ఇంత బుద్ధిగా పుస్తకంలో ఉన్నట్టే ఉండే పురుగులను తన సర్వీసులో చూడలేదన్నాడు. ప్రిన్సిపాల్ ముఖం వాడిపోయింది. సీసాలాయన కుర్చీ వంక చూసి ఊపిరి తీసుకున్నాడు.

అంతలో పెద్దాయన పెట్టె పక్కకు జరిపాడు. ముప్పై ఆరోది బయటపడింది.

ఆయన పుస్తకం తెరిచాడు. రెండుకు పోయాడు, తొమ్మిదికి పోయాడు, ఇరవై ఏడు నుంచి మళ్ళీ రెండుకు వచ్చాడు. ఎటు పోయినా గోడే. చివరికి పుస్తకం మూశాడు.

"నా పుస్తకంలో లేని పురుగు లేదు. ఇది అందులో లేదంటే, కొత్తదన్నమాట. ఎక్కడ దొరికింది?"

"ఈ గదిలోనేనండి," అన్నాడు సీసాలాయన. నిజమే కదా.

"ఎప్పుడు?"

"ఇవాళేనండి."

"ఇంకా ఉన్నాయా?"

సీసాలాయన బల్ల కిందికి చూశాడు. రెండు కాళ్ళు, అర రెక్క కనిపించాయి. "ఉంటే ఉండొచ్చండి. పూర్తిగా కాకపోయినా."

పెద్దాయన అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. నిపుణులు వచ్చేదాకా ఈ గదిలో గడ్డిపోచ కూడా కదలకూడదు. జిరాక్సు మిషను మాట ఎత్తబోయిన ప్రిన్సిపాల్ ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాడు. గది దక్కింది. సీసాలాయన ఆనందంతో కుర్చీలో కూర్చోబోతే, కుర్చీ కూడా కదలకూడదని చెప్పి ఆయన్ను బయటికి పంపి తలుపుకు సీలు వేశారు.

నిపుణులు ఇంకా రాలేదు. సీసాలాయన ఆ తలుపు ముందు నిలబడి కాపలా కాస్తున్నాడు. లోపలికి పురుగులను తప్ప ఎవరినీ పోనివ్వకూడదని ఆయనకు రాతపూర్వకంగా ఇచ్చారు.