అత్తగారి గొంతుతో అల్లుడు

ఏ పనైనా చిటికెలో చేసేస్తానంటాడు కాబట్టి వీధి వీధంతా అతన్ని చిటికెరావు అనే పిలుస్తుంది. ఈసారి అతని దృష్టి అత్తగారి మోకాళ్ళ మీద పడింది. పాపం, ఎవరో ఒకరు పట్టుకోనిదే ఆవిడ లేవలేదు. అలాంటివాళ్ళు సాయానికి మనిషిని పెట్టుకోవడానికి ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. అదొస్తే మాటిమాటికీ కూతుర్ని కేకేసే బాధ ఆవిడకు తప్పుతుంది.

“నా సంగతి నేనే చెప్పుకుంటాను నాయనా,” అంది అత్తగారు.

“మీరు మాట్లాడితే వచ్చేది కూడా రాదు అత్తయ్యగారూ. నాకొదిలేయండి!”

తీరా భత్యాల ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, “ఆవిడ అనుమతి లేనిదే మీతో మాట్లాడకూడదండీ,” అని పెట్టేసింది.

“అమ్మనొక మాట అడగొచ్చుగా?” అంది భార్య.

“ఇంటల్లుణ్ణి, నేను అనుమతి అడగడమేమిటి? నా పరువేం కావాలి?”

వంటింటి తలుపేసుకుని, గొంతు సన్నం చేసి, అత్తగారిలా మళ్ళీ ఫోన్ చేశాడు. పుట్టినతేదీ అడిగితే చెప్పాడు. చిరునామా అడిగితే చెప్పాడు. తన గొంతుకు తనే మురిసిపోయాడు.

“మీకు స్నానం ఎవరు చేయిస్తారమ్మా?”

చేయించేది భార్య. కానీ పొగిడించుకునే అవకాశం మళ్ళీ వస్తుందా? “మా అల్లుడేనమ్మా! బంగారం! వంటా అతనే, నడిపించేదీ అతనే.”

“అన్నీ ఆయనే చేస్తుంటే మీకింక భత్యమెందుకు? దరఖాస్తు కొట్టేస్తున్నానమ్మా.”

చిటికెరావు సన్నగొంతు కాస్తా బొంగురుపోయింది. “అయ్యో, వద్దు తల్లీ! వాడు ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు! వట్టి సోమరిపోతు!”

ఆ అరుపులకు తలుపు తెరుచుకుంది. ఎదురుగా, అంతా విన్న భార్య, ఆమె భుజం పట్టుకుని అత్తగారు.

“అమ్మకు స్నానం మీరు చేయిస్తున్నారా? ఎప్పట్నించండీ?” అంది భార్య.

అత్తగారికి మాత్రం నిజంగానే కోపమొచ్చింది. “నా ఒంటి సంగతి నన్నడక్కుండా పరాయివాళ్ళకు చెప్తారా?” అని ఫోన్ లాక్కుంది. “అమ్మాయ్, అసలు మనిషిని నేను. ఇందాకటిది మా అల్లుడు. మా అమ్మాయిని నా దగ్గర ఉండనిస్తాను, ఆయన్ని బయటికి పంపేస్తాను.”

బయటికొచ్చిన చిటికెరావు, వెనకే మూసుకున్న తలుపుకు చెవి ఆనించాడు. మాటలు సరిగ్గా వినిపించలేదు. “మా అల్లుడు” అని ఒకసారి, వెంటనే తల్లీకూతుళ్ళ నవ్వు. మళ్ళీ “మా అల్లుడు”, మళ్ళీ నవ్వు.

చాలాసేపటికి తలుపు తెరిచి, “భత్యం మంజూరైంది,” అంది భార్య.

“హమ్మయ్య! ఇంతకీ నా గురించి ఏం చెప్పారు? అంత నవ్వెందుకు?”

“అవన్నీ అమ్మ సొంత విషయాలు. ఆవిడ ఒప్పుకుంటేనే చెప్పాలిట.”

కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఉండబట్టలేక చివరికి సిగ్గు విడిచి, చేతులు కట్టుకుని అత్తగారి ముందు నిలబడ్డాడు. “అత్తయ్యగారూ, నాకు చెప్పడానికి మీ అనుమతి ఇస్తారా?”

ఆవిడ తీరిగ్గా ఆలోచించింది.

“ఇవ్వను నాయనా,” అంది.