మెహమూద్ బోరు పాట

"నేటి నుంచి ర్యాప్ మన జిల్లా కళ!" అని మంత్రి అమరేందర్ గారు నకిరేకల్ సభలో ప్రకటించారు. ర్యాప్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. మంత్రులను అడిగే అలవాటు మాకు లేదు. పత్రికకు వార్తలు పంపే నేను మాత్రం "చరిత్రాత్మకం" అని రాసుకున్నాను.

ఆ కళకు జిల్లాలో ఉన్నది ఒకే ఒక్క కళాకారుడు, మెహమూద్. ఆటోకు మైకు కట్టి సినిమాల ప్రచారం చేసేవాడు. 1995 ఎండాకాలంలో వాళ్ల గల్లీలో సర్కారు వేసిన బోరు మూడొందల అడుగులు దిగి దుమ్ము పోసింది. ఆ కోపంలో ఊపిరి తిప్పుకోకుండా పాడే పాట కట్టి క్యాసెట్ చేశాడు.

"బోరేసిండ్రు సారూ, బొంద తీసిండ్రు సారూ, దుమ్మొచ్చింది సారూ, దూపైతాంది సారూ!"

నెల తిరక్కుండా మోత్కూర్ నుంచి యాదగిరిగుట్ట దాకా ప్రతి చాయ్ హోటల్లో అదే మోత.

మంత్రిగారిది విశాల హృదయం. తమను తిట్టిన పాటను ప్రేమించి, పాడినవాణ్ణి జీపెక్కించుకుని సభ సభకూ తిప్పారు. జనం అర్జీలు పట్టుకుని లేస్తే "ముందుగాల పాట వినుండ్రి" అనేవారు. పాట అయ్యేసరికి జనం ఈలల్లో ఉండేవారు, మంత్రిగారు జీపులో ఉండేవారు.

మెహమూద్ ఏడాది ఓపిక పట్టాడు.

"సార్, ఇంకో పాట రాసిన. జర వింటరా?"

"వద్దు. జనానికి గదే కావాలె."

"అయితే మా గల్లీకి నీళ్లన్న ఇప్పియ్యిండ్రి సార్. మా అమ్మ బిందె పట్టుకోని రెండు కిలోమీటర్లు నడుస్తాంది."

మంత్రిగారు నొచ్చుకున్నారు. "నీళ్లొస్తే పాట ఏమైతది మెహమూద్? కళను మనమే సంపుకుంటమా?"

పక్కనున్న ఇంజనీరు గారు "కళా పరిరక్షణ దృష్ట్యా వాయిదా" అని ఫైల్లో రాశారు. అంత సున్నితమైన ఇంజనీరును నేను మళ్లీ చూడలేదు.

పాట పుట్టిన జాగా కనుక ఎండిన బోరు చుట్టూ ఇనుప కంచె వేసి శిలాఫలకం పెట్టారు. ఆవిష్కరణ నాడు శిల కడగడానికి, మంత్రిగారి మీద దుమ్ము పడకుండా చల్లడానికి రెండు ట్యాంకర్ల నీళ్లు వచ్చాయి. మెహమూద్ తల్లి ఇక్బాల్ బీ ట్యాంకర్లను చూసింది, కొడుకును చూసింది.

"ఏం సూస్తున్నవ్ రా? మైకు నీ శేతులనే ఉంది గద!"

పాట మొదలుపెట్టమని మంత్రిగారు సైగ చేశారు.

"పుష్పమ్మత్తా బిందె తే! హలీమా చిన్నమ్మా బకెట్ తే! సైదులు మామా డ్రమ్ము దొర్లియ్యి! గిన్నె తే, గంజు తే, ఉన్నదంత తే! ఉరుకుండ్రి ఉరుకుండ్రి, రెండే ట్యాంకర్లు!"

అంతా ఒక్క ఊపిరిలోనే. గల్లీకి గల్లీ ఉరికొచ్చింది. మంత్రిగారు తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా విని, లేచి చప్పట్లు కొట్టారు.

"పాతదానికన్న గిదే మంచిగుంది. వన్స్ మోర్!"

ఆ మాట వెంటనే రాసుకోవలసింది. కానీ నా రెండు చేతుల్లోనూ బకెట్లున్నాయి.