పాతదాన్ని ఏం చేస్తారు?

ఆ ఆదివారం వెనక గది ఖాళీ చేసి తీరతానని ఎక్స్‌రే గారు ముందు రోజే భార్యకు మాట ఇచ్చేశారు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు కనుక ఆయనకు ఆ పేరు పడింది. ఇప్పుడు వీధంతా అలాగే పిలుస్తుంది. ఉద్యోగం పోను ఆయనకున్న వ్యాపకమల్లా కంప్యూటర్లు. కొనడం ఒక ఎత్తు, పారేయకపోవడం మరో ఎత్తు. పొట్ట ఉబ్బిన మానిటర్లు, మూత ఊడిన ల్యాప్‌టాపులు, బొత్తాల ఫోన్లు, దేనివో ఎవరికీ తెలియని ఛార్జర్లు అన్నీ ఆ గదిలో చేరి, తలుపు సగమే తెరుచుకునేలా చేశాయి. చోటు లేక ఆవిడ కుట్టు మిషన్ వంటింట్లో ఫ్రిజ్ పక్కన కాపురం పెట్టింది.

"కూరలో దారప్పోగులు వస్తున్నాయని మీరే గోల పెడతారు. మధ్యాహ్నానికల్లా నా మిషన్ ఆ గదిలో ఉండాలి," అందావిడ.

"చూస్తూ ఉండు. ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి, మూడు కుప్పలు చేసి పడేస్తాను."

కాసేపటికి ఉంచేవాటి కుప్ప కిటికీ దాకా లేచింది. ఇచ్చేసేవాటిలో ఒక్క మౌస్ ఉంది. దాన్ని కూడా ఆయన రెండుసార్లు వెనక్కి తీసుకున్నారు.

అన్నిటికీ అడుగున, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న ల్యాప్‌టాప్ దొరికింది. బతికుందో లేదో చూద్దామని ఛార్జర్ పెట్టారు. అది దగ్గుతూ మూలుగుతూ లేచి కూర్చుంది. ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఇంటర్నెట్ కూడా అందుతుందేమోనని కలిపారు. అందింది. లోపలెక్కడో టింగుమని చప్పుడయింది. తనను గుర్తుపట్టి పలకరించిందనుకుని మురిసిపోయారు.

అంతలో ఫోన్ మోగింది. భార్యకు అన్నగారు, రెండు వీధుల అవతల ఉంటారు.

"బావగారూ, ఇప్పుడే చూశాను. ఇదంతా నిజమేనా?"

గది సంగతి చెల్లెలు చెప్పి ఉంటుందనుకున్నారు ఎక్స్‌రే గారు. "నిజమే బావగారూ. ఇంక వాయిదా వేసి లాభం లేదు."

"మా చెల్లెలు ఒప్పుకుందా?"

"ఒప్పుకోవడమేమిటి? పోరు పెట్టిందే తను!"

"మరి... పాతదాన్ని ఏం చేస్తారు?"

ఎక్స్‌రే గారు ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్‌ను నిమిరారు. "అదే తేలడం లేదండీ. ఎన్నేళ్ళ అనుబంధం! బాగా నెమ్మదించింది. ఊరికే వేడెక్కుతుంది, చప్పుడు కూడా ఎక్కువే. అయినా వదిలించుకోవడానికి మనసొప్పదు. ఎవరూ తీసుకోకపోతే మీ ఇంటికే పంపేద్దామనుకుంటున్నా. ఓ మూల పడుంటుంది."

ఫోన్ ఠక్కున ఆగిపోయింది. పాపం, ఛార్జింగ్ అయిపోయిందనుకుని, ఎక్స్‌రే గారు ఇచ్చేసేవాటి కుప్పలో బావగారి కోసం ఒక ఛార్జర్ వేశారు.

బావగారు రెండు ఖాళీ సూట్‌కేసులతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మెడలో కొలత టేపుతో చెల్లెలు తలుపు తీసింది.

"సామాను సర్దుకోమ్మా. వెళ్ళిపోదాం," అన్నారాయన.

"సర్దుతూనే ఉన్నాం అన్నయ్యా. సూట్‌కేసులు తెచ్చావా? మంచిపని చేశావు. చిన్నాచితకా అంతా ఇందులో పట్టేస్తుంది."

"అంటే, నీకు తెలిసే జరుగుతోందా?"

"తెలియకపోవడమేంటి? ఏళ్ళ తరబడి చెవినిల్లు కట్టుకుని పోరితే ఇవాళ్టికి కదిలారు మీ బావగారు!"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఎంత గుండె దిటవమ్మా నీది! ఇంతకీ ఆ అమ్మాయి ఎవరు?"

"ఏ అమ్మాయి?"

ఆయన ఫోన్ తీసి చేతికిచ్చారు. ఎక్స్‌రే గారి దగ్గర్నుంచి వచ్చిన మెయిల్. ఆవిడ పైకి చదివింది. "మిత్రులారా, ఎట్టకేలకు నేనూ ఓ ఇంటివాణ్ణవుతున్నాను. వచ్చే ఆదివారమే పెళ్ళి. ఇన్నాళ్ళ ఒంటరి బతుకుకి ఇక సెలవు. అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు. అందరూ తప్పకుండా రావాలి."

అప్పుడే ఎక్స్‌రే గారు ఒక కీబోర్డు పట్టుకుని బయటికొచ్చారు.

"ఎవరండీ ఈ నెమ్మదస్తురాలు?"

ఆయన చదివారు. మొహంలో రంగులు మారాయి. "ఇది... ఇది నువ్వే!"

"మా చెల్లెలా? నెమ్మదస్తురాలా?" అన్నగారు లేచి నిలబడ్డారు. "బావగారూ, అబద్ధమాడినా అతికినట్టుండాలి!"

చెల్లెలు ఒక్క చూపు చూసింది. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

ల్యాప్‌టాప్ తెచ్చి ముగ్గురూ దాని చుట్టూ చేరారు. తమ పెళ్ళికి వారం ముందు, తెలిసిన అందరికీ ఒకేసారి రాసిన పిలుపు అది. పంపానని ఆయన అనుకున్నారు. నెట్ ఆగిపోయి అది లోపలే ఇరుక్కుపోయింది. ఇన్నేళ్ళకు దారి దొరకగానే బయల్దేరింది. రాసిన తేదీ చూశాక అన్నగారు సూట్‌కేసులను మెల్లగా కాలితో కుర్చీ వెనక్కి నెట్టారు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "అంటే, మన పెళ్ళికి మీ ఆసుపత్రి వాళ్ళు ఒక్కరూ రాకపోవడం..."

ఆ రోజు వాళ్ళ కోసం వేయించిన కుర్చీలు వేసినట్టే ఉండిపోయాయి. ఫొటోలు తీస్తున్నంతసేపూ ఎక్స్‌రే గారు వాకిలి వైపే చూశారు. మళ్ళీ డ్యూటీలో చేరాక ఆయన ఎవరినీ అడగలేదు, ఆయన్నీ ఎవరూ అడగలేదు. రోజూ ఒకే క్యారియర్‌లో తిన్న ల్యాబ్ పొడుగాయనతో కూడా మాటలు ఆగిపోయాయి. తర్వాత పొడుగాయన వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయారు.

కాలింగ్ బెల్ మోగింది. గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చిన మనిషి ఆ పొడుగాయనే. చేతిలో కానుక పొట్లం. ఇంటావిడ వైపు చూడటానికి మొహం చెల్లక నేల చూపులు చూస్తున్నారు.

"ఆదివారం దాకా ఆగలేకపోయానురా. పోయినసారి నువ్వు పిలవలేదు. నేనేం తప్పు చేశానోనని ఇన్నేళ్ళూ కొట్టుకుపోయాను. ఈసారి పిలిచావు. ఎందుకు చేసుకుంటున్నావో నేనడగను. వచ్చేశాను, అంతే."

ఎక్స్‌రే గారు గబగబా వెళ్ళి స్నేహితుణ్ణి కావలించుకున్నారు. మధ్యలో కీబోర్డు నలిగి నాలుగు మీటలు ఊడిపడ్డాయి. జన్మలో మొదటిసారి ఆయన ఏరుకోలేదు.

విషయమంతా విన్నాక పొడుగాయన గోడకు ఆనుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

"మిగతావాళ్ళకు పొరపాటున వచ్చిందని రాసేస్తాను," అన్నారు ఎక్స్‌రే గారు.

"రాయకండి," అందావిడ. "ఖాళీ కుర్చీలు ఒకసారి చూశాం, చాలు. అందర్నీ రానివ్వండి, భోజనాలు పెడదాం." తర్వాత వెనక గది వైపు తిరిగింది. "ఇంకో మాట. అందులోంచి ఒక్కటీ గడప దాటడానికి వీల్లేదు. అన్నీ తెరిచి చూడాలి. ఇంకా ఎవరెవరికి ఏమేం రాసి ఆపుకున్నారో!"

సంతోషించాలో భయపడాలో తెలియక ఎక్స్‌రే గారు తల ఊపారు.

ఆదివారం నాడు ఆసుపత్రి వాళ్ళంతా పిల్లాపాపలతో వచ్చారు, పాత కబుర్లు చెప్పుకున్నారు, కడుపారా తిన్నారు. పెళ్ళికూతురు మారలేదని తెలిశాక మాత్రం కొందరు కాస్త నిరాశపడ్డారు.